నాలుగు రాళ్ళ కోసం పదకొండు వందల మైళ్ళు

సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవులకి మా స్నేహితులందరూ స్మోకీ మౌంటెన్స్‌కో మిషిగన్ బీచ్‌లకో పోతుంటే మేమిద్దరం మోర్మన్ల, అంటే అమెరికాలోనే పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్ళ, పాత ఊళ్ళు చూడ్డానికి బయల్దేరాం. ఈ ఆలోచన మా ఆయనది. షికాగో పక్కన నేపర్‌విల్‌లో మేం ముందు అద్దెకున్న ఇంటి పక్కన ఒక మోర్మన్ కుటుంబం ఉండేది. ఐదుగురు పిల్లలు, ఇంట్లో కాఫీ టీ అన్న మాటే లేదు. మేం ఇల్లు మారిన రోజు అడక్కుండానే వాళ్ళ చర్చి నుంచి ఆరుగురు కుర్రాళ్ళని వెంటబెట్టుకొచ్చి సోఫాలు, మంచాలు మోయించారు. పనైపోయాక మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారే తప్ప ఒక్కడూ మతం మాట ఎత్తలేదు. అప్పట్నుంచి ఈయనకి వీళ్ళ కథేంటో తెలుసుకోవాలని పట్టుకుంది. “నాలుగు గంటల దూరంలోనే వాళ్ళ నావూ ఉంది, ఒకప్పుడు షికాగోతో పోటీపడ్డ ఊరు తెలుసా” అని నెల రోజులు చెవిలో జోరీగలా పోరితే సరేనన్నాను. ఒక్కటే షరతు పెట్టాను, రోజుకి నాలుగు గంటలకి మించి కార్లో కూర్చోనని. ఆ షరతు మూడో రోజుకే గాలికి పోయింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కథ వరస కొంచెం తెలిసుండాలి, లేకపోతే అన్నీ ఒకేలాంటి పాత ఇటుక ఇళ్ళలా కనిపిస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే రైతు కొడుకు, దేవదూత చూపించిన బంగారు రేకుల మీది రాతని అనువదించానంటూ 1830లో మోర్మన్ గ్రంథం అచ్చేయించాడు. మొదటి ముద్రణ 5,000 కాపీలకి 3,000 డాలర్లు ఖర్చయితే, దానికోసం మార్టిన్ హారిస్ అనే శిష్యుడు పొలం తాకట్టు పెట్టాడు. అదే ఏడు ఏప్రిల్ 6న చర్చి మొదలైంది. అక్కణ్ణుంచి ఒహాయోలోని కర్ట్‌లాండ్, మరోవైపు మిజోరి, అక్కడ తన్ని తరిమేస్తే ఇల్లినాయ్‌లో నావూ, అక్కడ స్మిత్‌ని చంపేశాక తర్వాతి నాయకుడు బ్రిగమ్ యంగ్ వెనక 1,300 మైళ్ళు నడిచి యూటా. పదిహేడేళ్ళలో ఇన్ని ఊళ్ళు కట్టి ఇన్ని ఊళ్ళు వదిలేశారు. మేం చూసింది ఈ కథ మధ్యలోని రెండు ముక్కలు, ఇల్లినాయ్, మిజోరి. అదీ తలకిందులుగా, ముందు నావూ, తర్వాత మిజోరి. ఇంటి నుంచి దారి అలా కుదిరింది.

ముందు బస గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడే దెబ్బతిన్నాం. లేబర్ డే వారాంతం నావూలో ద్రాక్ష పండగ. ఆ సంగతి మాకు తెలియదు. మద్యం ముట్టని మోర్మన్ల ఊళ్ళో ద్రాక్ష పండగేంటని మీకూ అనుమానం రావచ్చు. వాళ్ళు వెళ్ళిపోయాక 1849లో ఇకేరియన్లని ఫ్రాన్స్ నుంచి ఇంకో ఆదర్శ సమాజం వాళ్ళొచ్చి ఆ ఖాళీ ఊళ్ళో దిగారు. వాళ్ళ సమాజం కొన్నేళ్ళకే చెదిరిపోయింది గాని ద్రాక్షతోటలు మిగిలాయి, 1857 నాటి వైనరీ ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. సరే, నావూలో ఒక్క గదీ దొరక్క, మా ఆయన నది అవతల అయోవాలో ఫోర్ట్ మ్యాడిసన్‌లో ఒక మోటల్ బుక్ చేశాడు. రాత్రికి 94 డాలర్లు, “రివర్ వ్యూ” అని రాసుంది. నది కనిపించిన మాట నిజమే. నదికీ మా కిటికీకీ మధ్య రైలు పట్టాలున్న మాటే వాళ్ళు రాయలేదు. రాత్రి పన్నెండుకొకటి, ఒంటిగంటన్నరకొకటి, మూడుకొకటి, ఒక్కో గూడ్సు మైలు పొడవుంటుంది, క్రాసింగ్ దగ్గర కూత పెట్టి మరీ పోతుంది. దుప్పట్లకి సిగరెట్ వాసన, ఏసీ మొదలైనప్పుడల్లా ట్రాక్టర్ స్టార్ట్ చేసినట్టు చప్పుడు. గది మార్చమంటే ఆ కుర్రాడు నవ్వి అన్ని గదులూ అటే ఉన్నాయన్నాడు. ద్రాక్ష పండగ తేదీ చూసుకోకుండా బయల్దేరకండి, వీలైతే నెల ముందే నావూలోనే గది తీసుకోండి.

ఫోర్ట్ మ్యాడిసన్ వంతెన మాత్రం చూడదగ్గదే. 1927లో కట్టిన రెండంతస్తుల వంతెన, కింద రైళ్ళు, పైన కార్లు. నదిలో పడవలొచ్చినప్పుడు ఒక భాగం మొత్తం గుండ్రంగా తిరిగి పక్కకి జరుగుతుంది. శనివారం పొద్దున మేం సరిగ్గా అప్పుడే చేరాం. బార్జి నింపాదిగా దాటేదాకా ఇరవై ఐదు నిమిషాలు ఇంజన్ ఆపేసి కూర్చున్నాం. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా అక్కడే తెరిచాం, మిసిసిపీ మధ్యలో. రాజమండ్రి దాన్ని కదా, నాకు ఏ నది చూసినా గోదావరితో కొలవడం అలవాటు. మిసిసిపీకి నేనెప్పుడూ పెద్ద మార్కులు వేయలేదు గాని నావూ దగ్గర మాత్రం నోరు మూసుకోవాల్సొచ్చింది. మన ధవళేశ్వరం బ్యారేజీ వెనక గోదావరి ఉన్నట్టే నిండుగా, కదలనట్టుగా ఉంటుంది. కారణం కూడా అదే, దిగువన కియోకక్ దగ్గర 1913లో ఆనకట్ట కట్టారు. మోర్మన్ల కాలంలో నది ఇంత వెడల్పు లేదట, వాళ్ళ ఊరి అంచులు కొన్ని ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి.

నావూ రెండు భాగాలు. గుట్ట మీద గుడి, ఇప్పటి ఊరు. కింద నది ఒడ్డు పల్లంలో పాత ఊరు. 1839లో వీళ్ళొచ్చేనాటికి అదంతా చిత్తడి నేల, దోమలు, మలేరియాతో జనం పిట్టల్లా రాలిపోయారు. దాన్ని ఎండగట్టి, వీధులు గీసి, ఇటుక ఇళ్ళు కట్టి ఐదారేళ్ళలో దాదాపు 12,000 మంది ఊరుగా చేశారు. ఇప్పుడు వెయ్యి మంది కూడా లేరు. పాత ఇళ్ళని చర్చి బాగుచేసి అప్పట్లో ఉన్నట్టు నడుపుతోంది. కమ్మరి కొలిమి, రొట్టెల బట్టీ, అచ్చాఫీసు, చెప్పుల దుకాణం, తుపాకుల దుకాణం. అన్నిట్లోనూ అప్పటి బట్టలు కట్టుకున్న వాలంటీర్లు. ఎక్కువమంది రిటైరైన దంపతులు, తమ ఖర్చుతో తామే వచ్చి నెలల తరబడి ఉండి సేవ చేస్తారు. మనవాళ్ళు తిరుమలలో శ్రీవారి సేవకి వెళ్తారు చూడండి, అచ్చం అలాగే.

ఎక్కడా టికెట్ లేదు. గుర్రబ్బండికీ లేదు. విజిటర్స్ సెంటర్‌లో అడిగితే టైము రాసిచ్చి పంపుతారు, ఆదివారం మాత్రం బళ్ళు తిరగవు. రొట్టెల బట్టీలో అల్లం బిస్కెట్ పెట్టారు, కమ్మరి దగ్గర గుర్రపు నాడా మేకు వంచి చేసిన ఉంగరం ఇచ్చారు, ఇటుకల దగ్గర అగ్గిపెట్టెకి కాస్త పెద్ద సైజు బుల్లి ఇటుక చేతిలో పెట్టారు. తాళ్ళు పేనే చోట మా ఆయన్ని ముందుకి పిలిచి చేతికి ఒక కొస ఇచ్చారు. చిన్నప్పుడు తాతగారింట్లో కొబ్బరి తాడు పేనడం చూసిన మనిషి, చెయ్యి తిప్పే తీరు చూసి ఆ పెద్దాయన “నీకిది వచ్చే!” అన్నాడు. అంతే, రోజంతా ఆ మాటే. ఆ తాడు ముక్క ఇప్పటికీ కార్లోనే ఉంది.

నా మటుకు ఈ కొలుములూ బట్టీలూ మూడు చూశాక ఇక చాలనిపించింది. అన్నీ శుభ్రంగా, అందరూ చిరునవ్వుతో, గడ్డి కూడా దువ్వినట్టు ఉంటుంది. ఆ దోమలూ జ్వరాలూ ఎక్కడా కనిపించవు. పిల్లలుంటే మాత్రం రెండు రోజులు ఇట్టే గడిచిపోతాయి. పైగా జూలైలో వెళ్తే రాత్రిళ్ళు ఆరుబయట పెద్ద నాటకం వేస్తారు, మేం వెళ్ళేసరికి అవి అయిపోయాయి.

మతం గురించి ఒత్తిడి పెడతారేమోనని మావాళ్ళు చాలామంది అడిగారు. విజిటర్స్ సెంటర్‌లో ఇద్దరు అమ్మాయిలు, ఇరవై ఏళ్ళుంటాయేమో, మీది ఏ ఊరని అడిగి, తెలుగు అనగానే ఫోన్లో మోర్మన్ గ్రంథం తెలుగులో తీసి చూపించారు. గ్రాంథికం, మన పాత బైబిల్ తెలుగే. హైదరాబాద్‌లో తమ మతంవాళ్ళు చాలామందే ఉన్నారని వాళ్ళలో ఒకమ్మాయి చెప్తే నేను నమ్మలేదు, ఇంటికొచ్చాక చదివితే నిజమే. 1978లో సమోవాలో ఉంటున్న ధర్మరాజు దంపతులనే తెలుగువాళ్ళు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చి బంధువుల్లోనే ఇరవై రెండు మందికి బాప్తిస్మం ఇప్పించారట, ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఆవిడ తండ్రి, బాప్టిస్టు పాస్టరు! అల్లుడి మతం పుస్తకాన్ని మామగారు కూర్చుని అనువదించడం, ఏమనుకుంటూ చేశారో పాపం. చివర్లో “మీ ఇంటికి ఎవరినైనా పంపమంటారా” అని ఒకసారి అడిగారు. వద్దన్నాం. రెండోసారి అడగలేదు.

గుట్ట మీది గుడిలోకి మాత్రం మనల్ని రానివ్వరు. చర్చిలో సభ్యులై, అందులోనూ అనుమతి కార్డు ఉన్నవాళ్ళకే ప్రవేశం. పూరీ జగన్నాథుడి గుడి బయట నిలబడే విదేశీయుల మొహాలు గుర్తొచ్చాయి, ఇప్పుడు మా వంతు. అసలు గుడి 1848లో ఎవరో తగలబెట్టారు, మిగిలిన గోడల్ని 1850లో సుడిగాలి పడగొట్టింది. ఇప్పుడున్నది పాతదాని పోలికలోనే కట్టి 2002 జూన్ 27న ప్రారంభించింది. గోడల మీద చంద్రుడు, సూర్యుడు, నక్షత్రాలు చెక్కిన రాళ్ళుంటాయి, సూర్యుడికి మనిషి మొహం. సాయంత్రం దీపాలు పెట్టాక కింద పల్లంలోంచి చూస్తే బాగుంటుంది. లోపలికి పోలేదన్న బాధ అప్పుడు తగ్గింది.

నావూలో నేను మళ్ళీ వెళ్ళాలనుకునేది రెండు చోట్లకే. ఒకటి పార్లీ వీధి. 1846 ఫిబ్రవరి 4న మొదటి బళ్ళు ఈ వీధి చివరే నదిలో పడవలెక్కాయి. గడ్డకట్టే చలిలో, కట్టుకున్న ఇళ్ళు వచ్చిన ధరకి అమ్ముకుని. వీధి పొడుగునా వాళ్ళ డైరీల్లోని మాటలు పలకల మీద పెట్టారు. వీధి నేరుగా నీళ్ళలోకి దిగి ఆగిపోతుంది.

రెండోది ఎమ్మా ఇల్లు. జోసెఫ్ స్మిత్ భార్య. నది ఒడ్డునే చిన్న దుంగల ఇల్లు, దాని పక్కన సమాధులు, కొంచెం ఇవతల తర్వాత కట్టిన పెద్దిల్లు. 2024 మార్చి వరకు ఇవి కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అనే ఇంకో శాఖ చేతిలో ఉండేవి. కర్ట్‌లాండ్ గుడి, ఈ ఇళ్ళు, కొన్ని చేతిరాత ప్రతులు కలిపి 19 కోట్ల 25 లక్షల డాలర్లకి యూటా చర్చి కొనేసింది. ఆ రెండో శాఖ ఎమ్మా కొడుకు నాయకత్వంలో నిలబడ్డది. అంటే మొగుడు పెట్టిన చర్చి ఒకటి, కొడుకు నడిపిన చర్చి ఒకటి. ఎమ్మా యూటా వెళ్ళలేదు. అత్తగారిని దగ్గర పెట్టుకుని, ఐదుగురు పిల్లల్ని పెంచుతూ, మళ్ళీ పెళ్ళి చేసుకుని 1879లో పోయేదాకా ఈ ఊళ్ళోనే ఉంది.

“ఆవిడెందుకు వెళ్ళలేదు?” అని అక్కడ బానెట్ పెట్టుకున్న గైడు ఆవిడని అడిగాను. డెబ్బై ఏళ్ళుంటాయి. గబుక్కున జవాబు చెప్పలేదు. కిటికీలోంచి సమాధుల వైపు చూసి, “ఆయన ఇక్కడున్నాడు కదా” అంది. బహుభార్యాత్వం మాట నేనే ఎత్తాను. ఎత్తితే తప్ప రాదు, అది గమనించండి, కాని ఎత్తితే దాటెయ్యలేదు. జోసెఫ్‌కి ముప్ఫై నలభై మంది భార్యలుండవచ్చని చర్చే 2014లో ప్రకటించిందని ఆవిడే చెప్పింది. ఎమ్మా మాత్రం చివరిదాకా, పోయే ఏడాది కూడా, నా భర్తకి వేరే భార్యలు లేరనే చెప్పింది కొడుకులతో. 1842లో ఈ ఊళ్ళోనే ఆడవాళ్ళ సేవా సంఘానికి ఎమ్మాని అధ్యక్షురాలిని చేశారు. ఆ సంఘంలో తన ఎదురుగా కూర్చున్నవాళ్ళలో కొందరు తన భర్తకి రహస్యంగా ఇచ్చి చేసినవాళ్ళే. ఇది చదివాక నాకు ఆ రెండు గదుల ఇల్లు ఇంకోలా కనిపించింది. ఇంకోటి, హత్యకి గురైన జోసెఫ్, ఆయన అన్న హైరమ్‌ల శవాలని శత్రువులు పాడుచేస్తారని భయపడి ఇసుక నింపిన పెట్టెలు ఊరంతా చూస్తుండగా పాతి, అసలు శవాలని రాత్రిపూట రహస్యంగా పాతారట. ఆ చోటు ఎమ్మాకీ మరి కొద్దిమందికీ తప్ప తెలియదు. ఆనకట్టతో నది పెరిగాక, నీళ్ళలో కలిసిపోతాయని 1928లో మనవడు వెతికించి బయటికి తీసి, ఆవిడ పక్కన మళ్ళీ పాతించాడు. నేను అక్కడే గంట కూర్చున్నాను. మా ఆయన ఈలోగా తుపాకుల దుకాణం రెండోసారి చూసొచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం కార్తేజ్. నావూ నుంచి ముప్పావుగంట లోపే. రెండంతస్తుల రాతి జైలు, దాని చుట్టూ పూలతోట. తనని విమర్శించిన పత్రిక అచ్చుయంత్రాన్ని పగలగొట్టించాడన్న గొడవలో జోసెఫ్ స్మిత్‌ని ఇక్కడ పెట్టారు. అప్పటికి ఆయన నావూ మేయరు, అమెరికా అధ్యక్ష పదవికి పోటీదారు కూడా. 1844 జూన్ 27 సాయంత్రం మొహాలకి మసి పూసుకున్న గుంపు మెట్లెక్కి వచ్చి ఆయన్నీ అన్న హైరమ్‌నీ కాల్చి చంపింది. ఆయనకి 38 ఏళ్ళు. అదే గదిలో ఉన్న మిగతా ఇద్దరిలో జాన్ టేలర్‌కి తూటాలు తగిలినా బతికాడు, తర్వాత చర్చికి మూడో అధ్యక్షుడయ్యాడు. విచారణ జరిగింది, అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

పై గది తలుపులో ఒక తూటా రంధ్రం అలాగే ఉంది. చిటికెన వేలు పట్టేంత. గైడు చెప్పడం ఆపేసి రెండు నిమిషాలు మమ్మల్ని ఊరికే ఉండనిచ్చాడు. మాతో పాటు పదిమంది ఉన్నారు, ఒక పెద్దావిడ ఏడుస్తోంది. ఆ రెండు నిమిషాలు బాగున్నాయి. నావూలోని అన్ని ప్రదర్శనల కంటే ఈ ఒక్క గదికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అరగంట చాలు, కాని నావూ వెళ్ళి కార్తేజ్ వెళ్ళకపోవడమంటే సగం కథ దగ్గర పుస్తకం మూసెయ్యడమే. పత్రిక ఎందుకు పగలగొట్టించాడన్నది మాత్రం ముందే చదువుకుని వెళ్ళండి, ఈ టూరు ప్రధానంగా భక్తుల కోసం, వాళ్ళ గుండె ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగుతుంది.

అక్కణ్ణుంచి మిజోరి. యుఎస్ 36 పట్టుకుని పడమటికి నాలుగు గంటల పైనే. మొక్కజొన్న, సోయా, మొక్కజొన్న, సోయా. పెరుగన్నం, ఆవకాయ కార్లోనే కానిచ్చేశాం. ఆ దారిలో శాకాహారులకి దొరికేది వేయించిన ఉల్లిపాయ చక్రాలూ చీజ్ పిజ్జానే, కాబట్టి చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుని వెళ్ళండి. కామెరన్‌లో హైవే పక్కన మామూలు చైన్ హోటల్లో దిగాం. ఏ ప్రత్యేకతా లేదు, శుభ్రంగా ఉంది, రైలు లేదు. పొద్దున్నే ఎనిమిదింటిదాకా పడుకున్నాను.

సోమవారం హాన్స్ మిల్‌తో మొదలుపెట్టాం, చూడలేకపోయాం. 1838 అక్టోబర్ 30న అక్కడ గుంపు దాడిలో 17 మంది మోర్మన్లు చనిపోయారు. ఇప్పుడు పొలాల మధ్య ఒక గుర్తు తప్ప ఏమీ లేదంటారు. రాత్రి వాన పడింది, తారు రోడ్డు పోయి కంకర రోడ్డు వచ్చింది, కంకర పోయి బురద వచ్చింది, ఫోన్లో సిగ్నల్ పోయింది. మా సెడాన్ వెనక చక్రాలు రెండుసార్లు పక్కకి జారాయి. “ఇంకొక్క మైలే” అంటాడు ఈయన. “ఏవండీ, ఇక్కడ దిగబడితే లాగేదెవరు?” అన్నాను. రివర్సులోనే అర మైలు వెనక్కొచ్చాం, ఆ అర మైలూ ఇద్దరం మాట్లాడుకోలేదు. ఎస్‌యూవీ ఉంటే, ఎండుగా ఉన్న రోజైతే వెళ్ళండి.

కోపం తగ్గడానికి హామిల్టన్‌లో ఆగాం. దేశమంతా తన పేరుతో దుకాణాలు పెట్టిన జె.సి. పెన్నీ పుట్టిన ఊరు. ఇప్పుడు మెయిన్ స్ట్రీట్ అంతా క్విల్టు గుడ్డల దుకాణాలు, దేశం నలుమూలల నుంచీ ఆడవాళ్ళు బస్సుల్లో వస్తారు. గంటన్నర, అరవై డాలర్లు. ఆయన బయట బెంచీ మీద నాకంటే ఓర్పుగా కూర్చున్న ఏడెనిమిది మంది మొగుళ్ళతో స్నేహం చేసుకున్నాడు.

తర్వాత ఫార్ వెస్ట్. ఇక్కడ కారు దిగి చుట్టూ చూసి “ఏదీ?” అన్నాను. చుట్టూ పొలాలు. రోడ్డు పక్కన ఒక పచ్చిక చదును, దానికి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, రాళ్ళ మీద అద్దాలు. అంతే. 1838లో ఇదొక జిల్లా కేంద్రం, ఇళ్ళు, దుకాణాలు, బడి, వేల మంది. ఆ ఏడు జూలై 4న ఇక్కడ గుడికి మూలరాళ్ళు వేశారు. అక్టోబర్ 27న గవర్నర్ లిల్‌బర్న్ బాగ్స్ మోర్మన్లని నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమేయాలి అని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాడు. ఒక ప్రభుత్వం తన పౌరుల మీద ఇచ్చిన ఉత్తర్వు. దాన్ని రద్దు చేసింది ఎప్పుడో తెలుసా, 1976లో. అప్పటికి మా ఆయన పుట్టాడు! చలికాలంలో జనం మిసిసిపీ వైపు నడిచి వెళ్ళిపోయారు, ఇళ్ళు కూలిపోయాయి, ఊరు దున్నిన పొలమైపోయింది.

“అందరూ నాలుగు రాళ్ళు వెనకేసుకోవడానికి అమెరికా వస్తే మనం ఈ నాలుగు రాళ్ళు చూడ్డానికి పెట్రోలు తగలేస్తున్నాం” అన్నాను. నవ్వాడు గాని ఆయన దృష్టి అంతా అటే ఉంది. యూటా నంబర్ ప్లేటుతో ఒక వ్యాను ఆగింది. తాత, కొడుకు, కోడలు, పిల్లలు. తాత రాయి దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాత్రి వానకి అద్దం లోపలి వైపు ఆవిరి పట్టి రాయి సరిగా కనిపించడం లేదు. జేబు రుమాలు తీసి పైనుంచి తుడిచాడు. లోపలి ఆవిరి పైనుంచి తుడిస్తే పోదు. ఆయనకీ తెలుసు. అయినా ఇంకోసారి తుడిచి, చిన్న మనవరాలిని పిలిచి ఆ అద్దం మీద చెయ్యి పెట్టించాడు. ఆ పిల్ల అరచెయ్యి ఉన్నచోట ఆవిరి కాసేపటికి కొంచెం విచ్చుకుని రాయి కనిపించింది, ముదురు రంగు గరుకు రాయి, మన ఊళ్ళో గుమ్మం ముందు వేసుకునే రాయిలాంటిదే. ఎవరూ ఫొటో తీయలేదు. మేమూ తీయలేదు. గైడు లేడు, నాటకం లేదు, బిస్కెట్ లేదు. ఈ మొత్తం యాత్రలో ఒక్క చోటే చూడమంటే నేను ఇక్కడికే పంపిస్తాను. పది నిమిషాలు చాలని అందరూ రాస్తారు, మేం గంట దాటి ఉన్నాం.

ఆడమ్-ఆన్‌డై-ఆమన్ అనే నోరు తిరగని చోటు అక్కణ్ణుంచి మరో ముప్పావుగంట. ఈడెన్ తోట మిజోరిలోనే ఉండేదనీ, అక్కణ్ణుంచి వెళ్ళగొట్టాక ఆదాము వచ్చి ఉన్నది ఈ లోయలోననీ వాళ్ళ నమ్మకం. ఆదాము మిజోరిలో ఏంటని చాలామంది నవ్వుతారు. భద్రాచలం దగ్గర పర్ణశాలలో సీతమ్మ చీర ఆరేసుకున్న బండని కళ్ళకద్దుకుని వచ్చిన దాన్ని, నేనెలా నవ్వుతాను. చక్కటి లోయ, కింద నది, సాగులో ఉన్న పొలాలు. మరుగుదొడ్డి తప్ప ఏ వసతీ లేదు, నీళ్ళు తీసుకెళ్ళండి. సాయంత్రం ఎండకి వెళ్తే అందంగా ఉంటుంది. చరిత్ర కోసమే వెళ్ళేవాళ్ళు దీన్ని వదిలేసినా ఫరవాలేదు.

మంగళవారం లిబర్టీ జైలు. 1838 డిసెంబర్ 1 నుంచి నాలుగు నెలలు జోసెఫ్ స్మిత్‌నీ మరికొందరినీ పెట్టిన కొట్టు. అసలుది కూలిపోయింది, ఇప్పుడు ఒక ఆధునిక భవనం లోపల దాన్ని సగానికి కోసి చూపించినట్టు మళ్ళీ కట్టారు. నాలుగడుగుల మందం గోడలు, కింద కొట్టు కప్పు ఆరడుగుల ఎత్తే, మా ఆయన నిటారుగా నిలబడితే జుట్టు తగిలేలా ఉంటుంది. దీపాలు తగ్గించి రికార్డు చేసిన గొంతులు వినిపిస్తారు. నాకు ఆ గొంతులు అక్కర్లేదనిపించింది, గోడ మందం చూస్తేనే ఊపిరాడలేదు. ఇరవై నిమిషాల పని.

ఇండిపెండెన్స్ మాత్రం తమాషా చోటు, కాన్సస్ సిటీ పక్కనే. 1831లో జోసెఫ్ స్మిత్ ఇక్కడ గుడి కట్టాలని స్థలం చూపించాడు. ఆ గుడి ఇంతవరకు లేవలేదు. ఎందుకంటే అసలు స్థలం ఒక చిన్న శాఖ చేతిలో ఉంది, టెంపుల్ లాట్ చర్చి అంటారు, సభ్యులు కొన్ని వేల మందే. వాళ్ళు కట్టలేరు, ఎవరికీ ఇవ్వరు. రోడ్డుకి ఒక పక్క కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ వాళ్ళ శంఖంలాంటి గుడి, 300 అడుగుల ఎత్తు. ఇంకోపక్క యూటా వాళ్ళ విజిటర్స్ సెంటర్. మధ్యలో వీళ్ళ చిన్న తెల్ల చర్చి, ఖాళీ పచ్చిక. తాత ఆస్తి దగ్గర అన్నదమ్ముల పిల్లలు గట్టుకి అటొకరు ఇటొకరు కూర్చున్నట్టుంది. 1890ల్లో కోర్టుకి కూడా వెళ్ళారు. చిన్న చర్చిలో ఒకాయన పాత సర్వే రాళ్ళు చూపించి, ఏ విసుగూ లేకుండా మూడు శాఖల తేడాలూ చెప్పాడు.

శంఖం గుడిలోకి మనం వెళ్ళొచ్చు! నావూలో బయట నిలబడ్డ కసి ఇక్కడ తీరింది. లోపల పైకి చూస్తే మెలితిరిగిన కప్పు కళ్ళు తిప్పేస్తుంది. రోజూ మధ్యాహ్నం ఒక దేశం పేరు చెప్పి శాంతి కోసం ప్రార్థన చేస్తారు. మేం వెళ్ళిన రోజు పన్నెండు మందిమి ఉన్నాం. ఎమ్మా కొడుకు శాఖ వీళ్ళదే కదా, నావూ ఇళ్ళు అమ్మేసినందుకు బాధగా లేదా అని బయట ఒక వాలంటీరుని అడిగితే, “చాలా బాధ. కాని చర్చి నడవాలి కదా” అన్నాడు, దాచుకోకుండా. ఇండిపెండెన్స్‌లో అధ్యక్షుడు ట్రూమన్ ఇల్లు కూడా ఉంది గాని నాకు అప్పటికి ఓపిక లేదు. ఓవర్‌లాండ్ పార్క్ దాకా పోయి ఒక దక్షిణాది హోటల్లో మసాలా దోసె తిని, ఫిల్టర్ కాఫీ తాగాం. ఐదు రోజుల తర్వాత కాఫీ.

బుధవారం ఎనిమిది గంటలు ఏకబిగిన నడిపి ఇంటికొచ్చాం. మొత్తం పదకొండు వందల మైళ్ళు. పెట్రోలు, ఐదు రాత్రుల గదులు కలిపి ఏడు వందల పైన అయింది, చూసినవాటికి మాత్రం ఒక్క డాలరు అడగలేదు. టైము తక్కువున్నవాళ్ళు నావూ, కార్తేజ్ రెండు రోజుల్లో చూసి వచ్చేయొచ్చు. మిజోరి కలపాలంటే నాలుగు రోజులకి తక్కువ పెట్టుకోకండి, రోడ్డు మీదే సగం పోతుంది.

మేకు ఉంగరం నా వేలికి పట్టలేదు, దేవుడి గదిలో అగరొత్తుల స్టాండు కింద పెట్టాను. మా ఆయన అప్పుడే వచ్చే వేసవికి కర్ట్‌లాండ్, మోర్మన్ గ్రంథం అచ్చైన పాల్మైరా మ్యాపు తీసి కూర్చున్నాడు. కర్ట్‌లాండ్ క్లీవ్‌లాండ్ దగ్గరే కదా, ఆరు గంటలేనట. సరేనన్నాను, గదులు మాత్రం నేను బుక్ చేస్తాను.